మిరపకాయల గదిలో దగ్గని మనిషి

ముసలివాళ్ళని చూసుకునే పని నేర్పడానికి ఇప్పుడు కోర్సులు వచ్చాయట. మా వీధి చివర ఇంటి అమ్మాయి అందులో చేరింది. మొన్న నోటుపుస్తకం పట్టుకుని వచ్చి, "ఆంటీ, మీ సర్వీసులో ముఖ్యమైన సంగతి ఒకటి చెప్పండి, రాసుకుంటాను" అంది. దుప్పటి ముడత లేకుండా పరవడం, రెండు గంటలకోసారి మనిషిని పక్కకి తిప్పడం మీ పుస్తకాల్లోనే ఉంటాయి. నేను చెప్పేది వాటిలో ఉండదు. అది నేను చేసిన తప్పు, తప్పులు ఎవరూ అచ్చు వేయించుకోరు. ఆ పిల్లకి చెప్పిందే ఆ కోర్సులో చేరిన మీ అందరికీ రాస్తున్నాను. పేర్లు మాత్రం అడక్కండి.

ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే కాళ్ళు పట్టేస్తాయని, చిలకలూరిపేట దాటాక హైవే పక్కన ఉన్న ఒక వృద్ధుల ఇంటికి ఇన్‌ఛార్జిగా వెళ్ళాను. పెద్ద సంస్థేమీ కాదు. పన్నెండు మంచాలు, ఒక ఆయా, ఒక వంటమనిషి, నేను. ఆ ఇల్లు ఒకప్పుడు మిరపకాయల వ్యాపారిది. ముందు పొడుగాటి హాలు, మధ్యలో ప్లైవుడ్ అడ్డు, అటు మగవాళ్ళు, ఇటు ఆడవాళ్ళు. వెనక పెరడు, పెరట్లో విడిగా ఒక గది. కోల్డ్ స్టోరేజీలు రాకముందు ఆ గదిలో కప్పు దాకా మిరపకాయల బస్తాలు పేర్చేవారట. బస్తాలు పోయి పదిహేనేళ్ళయినా గోడలు ఆ ఘాటు వదల్లేదు. తలుపు తీసి గడప లోపల అడుగు పెడితే చాలు, ఎంతటివాడైనా నాలుగు దగ్గులు దగ్గాల్సిందే. రెండుసార్లు సున్నం వేయించాను. సున్నం వేసినవాళ్ళూ దగ్గుతూనే వేశారు.

ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు యజమాని ఒకటే షరతు పెట్టాడట. ఇంట్లో ఎవరూ పోకూడదు. మనిషి పోయిన నక్షత్రం మంచిది కాకపోతే ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలి కదా, ఆ భయం. ముసలివాళ్ళు ఉండే ఇంట్లో ఎవరూ పోకూడదంటే ఎలా? అందుకని నేను రాకముందే ఒక పద్ధతి ఏర్పడిపోయింది. రేపో మాపో అనిపించిన మనిషిని మంచంతో సహా పెరటి గదిలోకి మార్చేవాళ్ళు. ప్రాణం అక్కడ పోయేది, శవం పెరటి గేటులోంచి వెళ్ళేది. ముందు గుమ్మానికి మైల అంటేది కాదు. వెనక గదికి వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి హాల్లోకి రాలేదు. ఆ సంగతి హాల్లో పన్నెండుగురికీ తెలుసు. సాయంత్రం చీకటి పడకముందే పెరటి వైపు కిటికీలు వాళ్ళే మూసేసుకునేవారు.

మా ఆయా నాకంటే ముందు నుంచి అక్కడ చేస్తోంది. నేను చేరిన కొత్తలోనే నాకొక లెక్క చెప్పింది.

"గదిలో పడుకోబెట్టగానే దగ్గారనుకోండి సిస్టర్ గారూ, ఇంకా నాలుగు రోజులుంటారు. దగ్గలేదనుకోండి, ఇక కబురు పెట్టేయొచ్చు."

నేను నవ్వాను. తర్వాత ఒకరి విషయంలో నిజమైంది. మరొకరి విషయంలోనూ నిజమైంది. మూడోసారికి నేనే పల్స్ చూడకముందు దగ్గు కోసం చెవి ఒగ్గి నిలబడ్డాను. చదివిన చదువు ఎక్కడికి పోయిందని ఇప్పుడు అడగొచ్చు మీరు. వరసగా ఏడుగురి విషయంలో తప్పని లెక్కని ఎనిమిదోసారి ఎవరు అనుమానిస్తారు? ఏడుగురు వెళ్ళారు ఆ గదిలోంచి, నా కళ్ళముందు.

ఎనిమిదో మనిషి పొడుగు మామ్మ. హాల్లో అందరూ అలాగే పిలిచేవారు. డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో కూడా గుమ్మం దగ్గర తల వంచి నడిచేది. పిల్లల్లేరు. అద్దంకిలో మేనల్లుడొకడు ఉన్నాడు, నెలకోసారి వచ్చి పళ్ళు ఇచ్చి వెళ్ళేవాడు. చేరిన రోజు వివరాలు రిజిస్టరులో నేనే రాసుకున్నాను. 'పని: మిరపకాయల కొట్లలో తొడిమలు తీయడం, నలభై ఏళ్ళు' అని నా చేతిరాతే. ఆ ముక్క గుర్తుంచుకోండి. నేనే గుర్తుంచుకోలేదు.

ఆ ఏడు మే నెల ఎండలకి మామ్మ నీరసించింది. ముందు మాట తగ్గింది, తర్వాత తిండి తగ్గింది, తర్వాత పిలిస్తే కళ్ళు తెరవడం మానేసింది. షుగర్ చూశాను, బాగానే ఉంది. డాక్టరు గారికి ఫోన్ చేస్తే, "ఇంటివాళ్ళు సరేనంటే ఆసుపత్రిలో చేర్చండి" అన్నారు. మేనల్లుడు, "ఈ వయసులో సూదులెందుకండీ, ప్రశాంతంగా పోనివ్వండి" అన్నాడు. నాకూ అదే న్యాయంగా తోచింది. ఆయా, వంటమనిషి, నేను కలిసి మంచం ఎత్తి పెరటి గదిలో పెట్టాం. మేం ముగ్గురం కళ్ళనీళ్ళు కారేలా దగ్గాం. మామ్మ మాత్రం దగ్గలేదు. ఊపిరి పైపైన ఆడుతోంది, ముఖంలో కదలిక లేదు.

ఆయా నా వంక చూసింది. నేను తల ఊపాను. పోయే మనిషికి మాత్రలెందుకని అన్నీ ఆపేశాను.

మూడు రోజులు గడిచాయి. ఆయా పూటకి నాలుగు చెంచాలు గంజి పోసేది, ఉప్పు వేసి మరీ. ఎందుకే అంటే, "ఉప్పు లేని గంజి ఎవరికి దిగుద్దండీ" అనేది. నేను మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. ఇద్దరు ఆడవాళ్ళం ఒకచోట కూర్చుంటే మాటలు రాకుండా ఉంటాయా? ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడుకునేవాళ్ళం. ఏం మాట్లాడుకున్నామో తర్వాత చెబుతాను. అసలు ఈ కథంతా అదే.

మూడో రోజు పొద్దున వేళ్ళు చల్లబడ్డాయి. మణికట్టు దగ్గర నాడి నాకు దొరకలేదు. మేనల్లుడికి ఫోన్ చేసి, "బయల్దేరండి. మీరొచ్చేసరికి ఉండకపోవచ్చు" అన్నాను. వంటింటి గుమ్మంలో నిలబడి అన్నాను. వంటమనిషి విన్నది. హాల్లోకి వెళ్ళి, "మామ్మ వెళ్ళిపోయింది" అని చెప్పేసింది. నేను తేరుకుని హాల్లోకి వెళ్ళేసరికి పదకొండుగురూ తలస్నానాలు చేసేసి తడిబట్టలతో వరసగా కూర్చుని ఉన్నారు. కిటికీ పక్కన మామ్మ మంచం ఉండే చోటులోకి చీరాల మామ్మ మంచం జరిగిపోయింది. ఆవిడ నేత పని చేసిన మనిషి, గాలి తగిలే చోటు కోసం రెండేళ్ళుగా చూస్తోంది. మామ్మ కంచం, గ్లాసు పెరటి గోడ అవతల పారేశారు.

ఇంకా పోలేదని చెప్పాల్సింది. ఇంకో గంటలో ఎలాగూ పోతుంది కదా అనుకున్నాను. ఊరుకున్నాను.

మధ్యాహ్నం మూడింటికి మేనల్లుడు ట్రాలీ ఆటోలో వచ్చాడు. పనిమంతుడు. దారిలోనే అన్నీ చూసుకున్నాడు. దండ, కొత్త చీర, వెదురు బొంగులు, కుండ తెచ్చాడు. అద్దంకిలోనే ఫ్లెక్సీ కూడా కొట్టించాడు. మామ్మ నిలువెత్తు ఫోటో, చుట్టూ దీపాలు, కింద అశ్రునివాళి. దాన్ని తిన్నగా మా గేటు పక్కన కరెంటు స్తంభానికి కట్టించి లోపలికి వచ్చాడు. గదిలో అడుగుపెట్టి దగ్గుతూ ఒంగి అత్త ముఖం చూశాడు.

మామ్మ కళ్ళు తెరిచి ఉన్నాయి.

"ఆ బొంగులు పొట్టిగా ఉన్నాయిరా" అంది. గొంతు గరగరగా ఉంది గానీ మాట స్పష్టంగా ఉంది. "నా కాళ్ళు బయటికొస్తయ్."

మేనల్లుడు గడప దాటి పెరట్లో పడ్డాడు. బొంగులు పెరటి గేటు దగ్గర ఉన్నాయి. మంచం మీద నుంచి అవి కనపడవు. కిటికీ మూసి ఉంది.

తర్వాత సంగతి డాక్టరు గారు రక్తపరీక్ష చేయించి తేల్చారు. ఎండలకి, బీపీ కోసం వేసే, ఒంట్లో నీరు లాగేసే మాత్రకి ఒంట్లో ఉప్పు పడిపోయింది. దానికి మగత కమ్మింది. నేను మాత్రలు ఆపడం, ఆయా ఉప్పు గంజి పోయడం, రెండూ కలిసి మనిషిని లేపాయి. చావు కోసం చేసినవే వైద్యమయ్యాయన్నమాట. ఇక దగ్గు మాటంటారా, నలభై ఏళ్ళు మిరపకాయల మధ్య కూర్చున్న మనిషికి ఆ గది ఘాటు ఒక ఘాటా? మెలకువగా ఉన్నా, ఆరోగ్యంగా ఉన్నా ఆవిడ అక్కడ దగ్గేది కాదు. ఆ రిజిస్టరు పేజీ మళ్ళీ చదువుకున్న రోజు నా చెంప నేనే వాయించుకున్నాను.

వారం తిరిగేసరికి మామ్మ లేచి కూర్చుని అన్నం తింది. ఇక హాల్లోకి మార్చుదామని వెళ్ళి చెప్పాను. పదకొండుగురూ ఒక్కలాగే నేల చూశారు. అప్పుడు మేష్టారు లేచారు. పౌరోహిత్యం చేసే కుటుంబం, బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి, హాలుకి పెద్ద. ఆయన మాటంటే అందరికీ గురి.

"స్నానాలు చేసేశామమ్మా" అన్నారు మెల్లగా. "మైల కడుక్కున్న మనిషిని మళ్ళీ ఇంట్లోకి ఎలా తెచ్చుకుంటాం?"

"మనిషి బతికే ఉంది కదండీ మేష్టారూ. అన్నం తింటోంది."

"తింటోంది. వచ్చింది ఎవరో ఏం తెలుసు?"

ఆయన మొండిగా అనలేదు. భయపడుతూ అన్నారు. చదువుకున్న మనిషి ముఖంలో ఆ భయం చూసి నేను వెనక్కి వచ్చేశాను.

అలా మామ్మ ఆ గదిలోనే ఉండిపోయింది. అక్కడ నుంచి ఇల్లంతా మారిపోయింది. మామ్మ గోడ పట్టుకుని పెరట్లో నాలుగడుగులు వేస్తే చాలు, హాలు కిటికీ రెక్కలు ఒకటొకటే పడేవి. కంచాలు కడిగే తొట్టి దగ్గరికి ఆవిడ వస్తే అప్పటిదాకా అక్కడున్నవాళ్ళు కంచాలు వదిలేసి వెళ్ళిపోయేవారు. ఎవరూ తిట్టలేదు, ఒక్క మాట అనలేదు. కంటికి కనపడనట్టు ఆవిడ పక్కనుంచే నడిచేవారు. మిట్టమధ్యాహ్నం, ఎండకి కాకి కూడా అరవని వేళ, మామ్మ మెల్లగా ఇంటి పక్క సందులోంచి గేటు దాకా వెళ్ళి తన ఫ్లెక్సీ ముందు నిలబడేది. పైన దీపాల మధ్య ఆవిడ, కింద చేతికర్రతో ఆవిడ. బస్సుల్లో వెళ్ళేవాళ్ళు తలలు బయటపెట్టి చూసేవారు.

"పీకించేస్తా మామ్మా" అన్నాను.

"ఉండనీయ్. వాళ్ళన్నా చూస్తన్నారుగా" అంది.

అంతటితో ఆగినా బాగుండేది. ఒకరోజు మామ్మ తన గది కిటికీలోంచి మేష్టారిని పిలిచింది. "మేష్టారూ, మీ లారీ పెద్దాయన కళ్ళజోడు ఎతుకుతున్నారంటగా. ఈ గది అటక మీద ఉందట."

లారీ పెద్దాయన మామ్మకి ముందు ఆ గదిలో పోయిన మనిషి. జీవితమంతా లారీ తోలి, ముసలితనంలో మేష్టారితో పొద్దస్తమానం పులీమేకా ఆడినవాడు. గుర్తుగా ఆయన కళ్ళజోడు దాచుకుందామని మేష్టారు నెలరోజులుగా వెతికిస్తున్నారు. నేను స్టూలు వేసుకుని అటకెక్కాను. పాత గోనె కింద కళ్ళజోడు ఉంది. తీసుకెళ్ళి ఇస్తే మేష్టారు చేయి చాపలేదు. అనుమానం పెనుభూతమంటారు కదా, ఆ రోజు నుంచి నేనూ మామ్మ నాడి చూసేటప్పుడు ఆవిడ కళ్ళలోకి చూడడం మానేశాను.

ఇంకో నాలుగు రోజులకి అసలుది జరిగింది. చీరాల మామ్మ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. పొడుగు మామ్మ గడపలో కూర్చుని జాలిగా, "నువ్వు ఈ వానాకాలం దాటవంటనే. అనుకుంటంటే విన్నాను" అంది.

చీరాల మామ్మ చేతిలోని చీర నేలపాలైంది. హాల్లోకి వచ్చి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ పూట అన్నం తినలేదు. మర్నాడూ తినలేదు. మజ్జిగ తాగిస్తే ఉమ్మేసింది. బీపీ, షుగరు, జ్వరం అన్నీ చూశాను, ఏ జబ్బూ లేదు. "ఇంకెందుకమ్మా తిండి, పిలుపొచ్చింది" అంటుంది అంతే. నాలుగో రోజుకి కళ్ళు లోతుకి పోయాయి. మేష్టారు నన్ను వరండాలోకి పిలిచి, "ఆ పెరటి గది ఆవిణ్ణి ఇక్కడ నుంచి పంపించెయ్యండమ్మా, లేకపోతే ఒక్కొక్కళ్ళం ఇలాగే పోతాం" అన్నారు. మేనల్లుడికి ఫోన్ చేశాను. "మా ఊళ్ళో పెద్దకర్మ భోజనాలకి కూడా చెప్పేశానండీ. ఇప్పుడు ఇంటికి తెస్తే మా ఆవిడ ఉంటుందా?" అన్నాడు. ఇటు చూస్తే ఉండనివ్వరు, అటు చూస్తే రానివ్వరు. ఇక్కడేమో చీరాల మామ్మ కళ్ళముందే కరిగిపోతోంది.

ఆ రోజు మధ్యాహ్నం కొంగు ముక్కుకి కట్టుకుని పెరటి గదిలోకి వెళ్ళాను. కోపంగానే వెళ్ళాను.

"ఎవరు చెప్పారు మామ్మా నీకు ఇవన్నీ?"

మామ్మ నన్ను పక్కన కూర్చోమంది. నా చేయి పట్టుకుంది. ఆ చేయి వెచ్చగానే ఉంది.

"అక్కడోళ్ళే చెప్పుకున్నారమ్మా. నేను పోయాను గదా మూడ్రోజులు. అంతా చీకటి. కాళ్ళూ చేతులూ లేవు. చీకట్లో ఇద్దరు ఆడోళ్ళు మాట్టాడుకుంటా ఉన్నారు. మొహాలు అవుపళ్ళా. కళ్ళజోడు అటక మీద పెట్టానని ఒకతి చెప్పింది. పోయినోళ్ళ వస్తువు కిందుంటే అరిష్టం అంట. రెండో ఆవిడేమో, ఈవిడ తర్వాత చీరాల మామ్మేనే, వానాకాలం దాటదు అంది."

"ఆ రెండో ఆవిడకి ఆదివారం ఎవరిదో పెళ్ళికి పోవాలంట. ఈవిడ శనివారం లోపల తెమిలిపోతే బాగుండును, ఈడుస్తోంది అంది." మామ్మ నా చేయి ఇంకా గట్టిగా పట్టుకుంది. "అక్కడోళ్ళకి జాలి లేదమ్మా. అందుకే నన్ను మళ్ళీ ఆళ్ళ దగ్గరికి పంపబాక."

అమ్మాయిలూ, ఆ ఆదివారం పెళ్ళి మా ఆడపడుచు కూతురిది. పట్టుచీర కూడా ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాను. మామ్మ మంచానికి మూరెడు దూరంలో కూర్చుని, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఆ మాటన్నది నేనే, కళ్ళజోడు మాట ఆయాది. ఊసుపోక అన్న మాటలు, ఆ పూటకే ఇద్దరం మర్చిపోయాం. వెనక గేటు దగ్గర బొంగులు దించుతుంటే, "ఇవి పొట్టిగా ఉన్నాయేంటి, ఆవిడ పొడుగు మనిషి కదా" అని కిటికీ అవతల నుంచి అరిచింది ఆయా. మామ్మ చచ్చి ఎక్కడికీ వెళ్ళలేదు. మూడు రోజులూ మా ఇద్దరి మధ్యనే పడుకుని, మమ్మల్నే చచ్చినవాళ్ళనుకుంది.

గోడలకి చెవులుంటాయని గుసగుసలాడతాం గానీ, మంచం మీద మనిషికి చెవులుంటాయని మర్చిపోతాం. చివరిదాకా వినికిడి ఉంటుందని నర్సు చదువులో నాకు చెప్పారు. కొత్తగా వచ్చిన ఆయాలకి నేనూ చెప్పాను. చెప్పేవి శ్రీరంగ నీతులు.

గదిలోంచి బయటికి వచ్చి ఎండలో నిలబడ్డాను. అప్పుడు మిగతా ఏడుగురూ గుర్తొచ్చారు. ఒకరి దగ్గర కూరగాయల ధరలు మాట్లాడాం. ఒకావిడ దగ్గర ఆవిడ కోడలి మీద నవ్వుకున్నాం. లారీ పెద్దాయన దగ్గర నేనన్న మాట ఒకటుంది. అది ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు, ఇక్కడా రాయను. వాళ్ళలో ఎవరూ దగ్గలేదు. దగ్గలేదు కాబట్టి వినడం లేదనుకున్నాం. మే నెల ఎండలో నాకు చలి పుట్టింది.

ఏం చేయాలో తెలుస్తూనే ఉంది. హాల్లోకి వెళ్ళి, ఆ మాటలు దయ్యాలవి కావు, నావి అని చెప్పాలి. చెబితే మామ్మ మనుషుల్లోకి వస్తుంది, చీరాల మామ్మ అన్నం తింటుంది. కానీ ఆ పదకొండుగురూ తర్వాత నా చేతి మాత్ర ఎలా మింగుతారు? రేపు తాము పడుకుంటే ఈ మనిషి నెత్తిన కూర్చుని ఇలాగే మాట్లాడుతుందని తెలిశాక? నన్ను నమ్మి ఉన్నవాళ్ళు వాళ్ళు. సాయంత్రం దాకా తిరిగాను. పని మానేసి ఇంటికి పోదామని కూడా అనుకున్నాను, అబద్ధం ఎందుకు?

టీ వేళకి మామ్మని నడిపించుకొచ్చి ముందు గుమ్మం బయట కుర్చీలో కూర్చోబెట్టాను. లోపల పదకొండుగురూ గ్లాసులు పట్టుకుని బిగుసుకుపోయారు. ఆయా వంటింటి గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది, దానికి ముందే చెప్పాను. నేను హాలు మధ్యలో నిలబడి మొత్తం చెప్పాను. కళ్ళజోడు ఎవరు పెట్టారో, బొంగుల మాట ఎవరిదో, వానాకాలం మాట ఎవరన్నారో, పెళ్ళి ఎవరిదో. 'ఈడుస్తోంది' అన్న ముక్క కూడా మింగకుండా చెప్పాను.

హైవే మీద లారీలు పోతున్న మోత వినపడుతోంది.

మేష్టారు అడిగారు. "మా లారీ ఆయన దగ్గర ఏమన్నారు?"

"అది అడక్కండి మేష్టారూ."

ఆయన కాసేపు కళ్ళు మూసుకున్నారు. చీరాల మామ్మ మంచం మీద లేచి కూర్చుంది. నాలుగు రోజులు అన్నం లేని మనిషి, నోరు మాత్రం ఏమీ తగ్గలేదు.

"ఏమే, నేను వానాకాలం దాటనని నువ్వన్నావా? నీకేం తెలుసే? ముందా మజ్జిగ ఇటు తే. నిన్ను పంపించి గానీ నేను పోను."

గుమ్మం బయట నుంచి పొడుగు మామ్మ గొంతు వినపడింది. "అయితే ఆ ఇద్దరూ మీరేనా?"

"మేమే మామ్మా."

నేను తిట్టుకోసం ఎదురుచూస్తున్నాను. ఆవిడ ముఖంలో ఇన్నాళ్ళ భయం సడలిపోయింది.

"ఇంకా నయం" అంది. "అయితే చచ్చినోళ్ళు మంచోళ్ళే అయ్యుంటారు."

ఈ పనిలో నాకు చీవాట్లు పెట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. డాక్టర్లు పెట్టారు, కొడుకులు, కోడళ్ళు పెట్టారు. ఆ మాట తగిలినట్టు ఏదీ తగల్లేదు. ఆవిడ నన్ను తిట్టడానికి అనలేదు, నిజంగా ధైర్యం తెచ్చుకుని అంది. అదే తట్టుకోలేకపోయాను. అందరి ముందూ ఏడ్చాను.

మేష్టారు లేచి గుమ్మం దాకా వెళ్ళారు. మామ్మ చేయి పట్టుకుని గడప దాటించారు. లోపలికి తిరిగి అందరితో, "ఆ రోజు మనం చేసిన స్నానం ఎండకి చేసింది. తెలిసిందా?" అన్నారు. తెలిసిందన్నట్టు అందరూ తలలూపారు. చీరాల మామ్మ తన దుప్పటి చుట్టుకుని, "నీ చోటు నువ్వు తీసుకో. కిటికీ దగ్గర ఒకటే దోమలు" అంది.

పెరటి గదికి ఆ వారమే తాళం వేశాను. పోయేవాళ్ళు హాల్లోనే, తమ మంచం మీదే పోతారని చెప్పాను. ఇంటి యజమాని వచ్చి నానా రభస చేశాడు. మేష్టారు పంచాంగం తెచ్చి, ఎవరు పోయినా నక్షత్రం తాను చూసి చెబుతానన్నారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరు పోయినా, ఏమాశ్చర్యమో, ప్రతిసారీ నక్షత్రం బాగానే ఉందని తేలింది. చీరాల మామ్మ రెండు వానాకాలాలు దాటింది. ప్రతి జూన్‌లో మొదటి చినుకు పడగానే నన్ను పేరుపెట్టి పిలిచి చూపించేది.

అయితే వాళ్ళు నన్ను మునుపటిలా చూశారని అనుకోకండి. నేను హాల్లోకి రాగానే మాటలు ఒక్క క్షణం ఆగేవి. ఎవరికైనా ఒంట్లో బాగోక కళ్ళు మూసుకుని పడుకుంటే, పక్కమంచం మనిషి లేచి కూర్చుని నా నోటి వంక చూసేవారు. కాపలా అన్నమాట. అది నేను ఉన్నన్నాళ్ళూ పోలేదు. పోకూడదు కూడా.

పొడుగు మామ్మ మూడేళ్ళ తర్వాత, ఒక ఉదయం, కిటికీ పక్కన తన మంచం మీద పోయింది. ఈసారి నిజంగానే. అంతకుముందు రెండు రోజులు మళ్ళీ కళ్ళు తెరవలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళి, పరీక్షలన్నీ చేయించి, ఇక లాభం లేదని వాళ్ళంటేనే వెనక్కి తెచ్చుకున్నాను. ఆ రెండు రోజులూ నేనూ ఆయా వంతులేసుకుని ఆవిడ చెవి దగ్గర మాట్లాడాం. ముందు ఏం మాట్లాడాలో తెలియలేదు. నా పేరు చెప్పాను, టైమెంతో చెప్పాను. ఈ ఏడు మిరపకాయ ఎర్రగా దిగిందని, తెల్లబడ్డ తాలుకాయ తక్కువని, ఈవేళ వంకాయ కూరని, చీరాల మామ్మ నిన్ను కలవరిస్తూ ముందే వెళ్ళింది, అక్కడ కిటికీ చోటు పట్టేసి ఉంటుందని చెప్పాను. చీకట్లో ముఖాలు కనపడకపోతే ఎవరివో గొంతులనుకోకూడదని ప్రతిసారీ మొదట, "నేనే మామ్మా, సిస్టర్ని" అని మొదలుపెట్టేదాన్ని.

ఆ ఉదయం ఊపిరి మారింది. ఫోన్ తీసుకుని వంటింట్లోకి వెళ్ళలేదు. మంచం మీదే కూర్చుని, ఆవిడ చేయి పట్టుకుని, ఆవిడ వినేలాగే మేనల్లుడితో మాట్లాడాను.

"బయల్దేరు నాయనా. బొంగులు మాత్రం పొడుగువి చూసి తీసుకురా. మీ అత్త పొడుగు మనిషి."